రేట్ల గ్రూపులో ఆడమనిషి

మా ఆయన పోయిన పదిహేడో రోజున మేత దుకాణం యజమాని మా ఇంటికి వచ్చాడు. అత్తయ్యగారు కుర్చీ వేసినా కూర్చోలేదు. చేతులు కట్టుకుని, తల కాస్త వంచి, పరామర్శకు వచ్చిన మనిషిలాగే వసారాలో నిలబడ్డాడు.

"చెరువుల్లో సరుకు పట్టించేద్దామమ్మా," అన్నాడు. "మీకెందుకండీ ఈ అవస్థ? కంపెనీ వాళ్ళతో మాట్లాడి ఎల్లుండి బండి పంపిస్తాను. రేటు సంగతి నాకొదిలేయండి."

మా ఊరు భీమవరానికి పన్నెండు కిలోమీటర్ల దూరం. మాకు రెండు రొయ్యల చెరువులు, మొత్తం మూడున్నర ఎకరాలు. మామగారి కాలంలో అవి వరిచేలు. మా ఆయన చేతికి వచ్చాక తవ్వించి చెరువులు చేశాడు. పద్నాలుగేళ్ళుగా మా ఇంట్లో అన్నం పెడుతున్నది రొయ్యే. రాజమండ్రి హాస్టల్లో మా అమ్మాయి చదువుకూ అదే ఆధారం. గుండెపోటు వచ్చి, ఆస్పత్రికి చేరేలోపే కారులో ఆయన ప్రాణం పోయేనాటికి రెండు చెరువుల్లోనూ రెండు నెలల రొయ్య ఉంది. ఇంకో నెల, నెలన్నర పెరిగితే మంచి కౌంటుకు వస్తుంది. కౌంటంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్నది. ఎన్ని తక్కువ తూగితే రొయ్య అంత పెద్దది, ధర అంత ఎక్కువ.

ఇవన్నీ నాకు వినికిడి మీద తెలిసిన సంగతులే. పద్నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా నేను ఆ చెరువుల గట్టు ఎక్కలేదు. ఆడవాళ్ళు గట్టెక్కితే రొయ్యకు తెగులొస్తుందని మా వైపు గట్టి నమ్మకం. ముట్టు వంకతో మొదలైన ఆ నమ్మకం, ఏ రోజైనా ఏ ఆడదైనా ఎక్కకూడదన్నంత వరకూ పాకింది. మధ్యాహ్నం క్యారేజీ పట్టుకెళ్తే కాలువ వంతెన దగ్గరే ఆగేదాన్ని. ఆయన దిగి వచ్చి తీసుకునేవాడు.

రేటు మాత్రం నాకు తెలుసు. ఆయన ఫోను ఫ్రిజ్ మీదే ఉంది. కర్మలు అయిపోయాక దాన్ని ఆపేసి బీరువాలో పెట్టమని మా ఆయన అన్నగారైన బావగారు చెప్పారు. నేను వినలేదు. ఆ ఫోను మోగడం కూడా ఆగిపోతే ఇల్లు మరీ బోసిపోతుందని రోజూ చార్జింగు పెడుతూ వచ్చాను. తాళం తీయడానికి తెర మీద ఆయన వేలితో గీసే గీత నాకు కంఠతా వచ్చు. ఒకరోజు నేనే గీసి లోపలికి వెళ్ళాను.

అందులో మా చుట్టుపక్కల రొయ్యల రైతుల వాట్సాప్ గ్రూపు ఉంది. రెండు వందల మంది దాకా ఉంటారు. ఏ కౌంటుకు కంపెనీలు ఎంత ఇస్తున్నాయో పొద్దున్న ఏడు కాకముందే అందులో పెడతారు. వెనక్కి జరుపుకుంటూ వెళ్తే ఆయన పోయిన రోజు కనిపించింది. వరసగా దణ్ణాలు పెట్టే చేతుల బొమ్మలు. ఆ వరస మధ్యలోనే ఎవరో "యాభై కౌంటు ఈ రోజు ఎంతండీ?" అని అడిగారు. చూడగానే ఒళ్ళు మండింది. కాసేపయ్యాక అనిపించింది, అతని స్థానంలో ఉంటే మా ఆయనా అదే అడిగేవాడని. ప్రాణమున్న సరుకు చెరువులో పెట్టుకున్నవాడికి రేటు తెలియకుండా పూట గడవదు. ఆ మర్నాటి నుంచి రోజూ పొద్దున్నే నేనూ చూడడం మొదలుపెట్టాను.

అందుకే దుకాణం ఆయన్ని అడిగాను. "ఎంతకు ఇప్పిస్తారండీ?"

ఆయన చెప్పిన ధర ఆ ఉదయం గ్రూపులో ఉన్నదానికంటే కిలోకి నలభై రూపాయలు తక్కువ.

"పొద్దున గ్రూపులో వేరేలా ఉందండి," అన్నాను.

ఆయన తలెత్తాడు. నా మొహంలోకి నేరుగా చూడడం అదే మొదలు. "గ్రూపు మీరు చూస్తున్నారా అమ్మా?"

"చూస్తున్నానండి."

"ఆ రేటు గట్టి సరుక్కి. మీ రొయ్య మెత్తగా ఉంది."

"మీరెప్పుడు చూశారండీ?"

ఇప్పుడే పట్టించనని, ఇంకా పెంచుతానని చెప్పాను. ఆ మాట నోట్లోంచి వచ్చేదాకా నేను అలా అనుకుంటున్నానని నాకే తెలియదు.

సాయంత్రానికల్లా కబురు బావగారికి చేరింది. ఆయనకు వరి తప్ప చెరువులు లేవు. "ఆయన్ని ఎదిరించి ఈ చుట్టుపక్కల రొయ్య పెంచగలమా అమ్మాయ్? మేత ఆయనదే, కంపెనీ వాళ్ళను తెచ్చేదీ ఆయనే, ఆఖరికి ఆ గ్రూపు నడిపేదీ ఆయనే."

"ఎదిరించలేదు బావగారూ. రేటడిగాను."

"రెండూ ఒకటే," అన్నారు. ఆయన గొంతులో కోపం లేదు. నిజంగానే భయపడుతున్నారు.

మర్నాడు పొద్దున్న ఫోను పట్టుకుని బయల్దేరుతుంటే అత్తయ్యగారు గుమ్మానికి అడ్డంగా నిలబడ్డారు.

"మొగుడు పోయి ఇరవై రోజులు కాలేదు. ఆ మైలతో గట్టెక్కుతావా?"

"పడాల్సిన మైల ఆయన పోయినప్పుడే పడింది అత్తయ్యా. ఇంకేం పడుతుంది?"

ఆవిడ తప్పుకోలేదు. పక్క నుంచి దూరి నేనే వెళ్ళిపోయాను. కాలువ వంతెన దాటి గట్టెక్కుతుంటే భయమేసిన మాట నిజం. తెగులు భయం కాదు. అటు పక్క చెరువుల మీదున్న మగవాళ్ళందరూ పని ఆపి నన్నే చూస్తున్నారు.

మా చెరువుల మీద పనిచేసే మనిషి యాభై దాటినవాడు. నన్ను చూసి తలగుడ్డ విప్పి చేత్తో పట్టుకున్నాడు. "అమ్మగోరూ, ఎవరన్నా ఏటన్నా అంటే..."

"అననీ. మేత ఏ పూట ఎంత వేస్తున్నావో చెప్పు."

అలా మొదలైంది నా చదువు. గట్టు మీద నెట్ సరిగ్గా అందేది ట్రాన్స్‌ఫార్మర్ పక్కన ఒక్కచోటే. అక్కడొక తాటిమొద్దు ఉంటే దాని మీద కూర్చుని రొయ్యల సాగు గురించి తెలుగులో ఉన్న వీడియోలు చూసేదాన్ని. నీటిలో ఉప్పు ఎంత ఉండాలి, రంగు మారితే దేనికి గుర్తు, చెక్ ట్రేలో మేత మిగిలితే ఏం చేయాలి. చెక్ ట్రే అంటే కాస్త మేత వేసి నీళ్ళలోకి దించే చదరపు వల. రెండు గంటలాగి పైకి తీస్తే రొయ్య ఎంత తింటోందో, పెంకు గట్టిగా ఉందో లేదో తెలిసిపోతుంది. విన్నదాంట్లో సగం బోధపడేది కాదు. బోధపడని మాటలు మా అమ్మాయి పాత నోట్సు వెనక రాసుకుని, మళ్ళీ వెతికేదాన్ని. మా రొయ్య మెత్తగా లేదని మూడో రోజుకే నాకు తెలిసింది. వేలితో నొక్కితే గాజు ముక్కలా గట్టిగా ఉంది.

తొమ్మిదో రోజు పొద్దున్న వెళ్ళేసరికి పెద్ద చెరువులో రొయ్యలు పైకి తేలి, మీసాలు నీటి మీదికి పెట్టి, అంచుల వెంబడి తిరుగుతున్నాయి. నీటిని చిలికి గాలి ఎక్కించే ఏరియేటర్లలో రెండు ఆగిపోయి ఉన్నాయి. పనివాడు తల పట్టుకుని కూర్చున్నాడు. "ఇలాటప్పుడు అయ్యగారే చూసుకునేవోరండి," అన్నాడు.

నేను ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరికి పరుగెత్తి గ్రూపులో రాశాను. "పెద్ద చెరువులో రొయ్య పైకి తేలి తిరుగుతోంది. ఏం చేయాలో దయచేసి చెప్పండి."

అందరూ చూస్తున్నట్టు తెలుస్తోంది. ఒకాయన రాశాడు. "ఎవరండీ ఇది?" ఇంకొకాయన, "ఆ నెంబరాయన పోయారు కదా?"

"నేను ఆయన భార్యను. చెరువులు నేనే చూసుకుంటున్నాను," అని పెట్టాను.

అంతే. రెండు వందల మందీ నోరు మూసుకున్నారు. నా కళ్ళ ముందు ఒక్కొక్క రొయ్యా పక్కకు ఒరుగుతోంది. అప్పుడు గ్రూపులో కాకుండా విడిగా నాకొక మెసేజ్ వచ్చింది. మగవారి పేరు, మోటార్ సైకిలు మీద కూర్చున్న మీసాలాయన ఫోటో. "ఉన్న ఏరియేటర్లన్నీ తిప్పండి. ఈ పూట మేత వేయొద్దు. ఆక్సిజన్ పొడి ఉంటే వెంటనే చల్లండి. రొయ్య దిగుతుంది, కంగారు పడకండి."

ఆ పొడి షెడ్డులో మా ఆయన కొని ఉంచిన సంచుల్లో ఉంది. ఇద్దరం చల్లాం. ఆగిన మోటార్లలో ఒకదాన్ని పనివాడు ఎలాగో తిప్పగలిగాడు. గంట గడిచేసరికి రొయ్యలు అడుగుకి దిగిపోయాయి. కొన్ని పోయాయి. అయినా చెరువు నిలబడింది.

తడి బట్టలతో గట్టు మీద చతికిలబడి ఉండగా దుకాణం ఆయన ఫోను చేశాడు. "ఏమీ అనుకోకండమ్మా. ఇది మగాళ్ళ గ్రూపు. మావాళ్ళు సరదాకి రకరకాల బూతులు మాట్లాడుకుంటారు. మీలాంటి పెద్దింటి ఆడవాళ్ళు చూస్తే బాగుండదు."

"నాకేం ఇబ్బంది లేదండి. నేను రేట్లు చూసుకుంటాను."

"మాకు ఇబ్బందమ్మా," అని పెట్టేశాడు. తెర మీద చిన్న బూడిదరంగు అక్షరాలు కనిపించాయి. గ్రూపులోంచి నన్ను తీసేశారు.

ఆ తడి చీరతోనే ఆటో ఎక్కి దుకాణానికి వెళ్ళాను. మేత బస్తాల మీద కూర్చుని ఆరేడుగురు రైతులు టీ తాగుతున్నారు. నన్ను చూసి మాటలు ఆపారు. దుకాణం ఆయన గల్లాపెట్టె వెనకనుంచి లేచాడు.

"మళ్ళీ చేర్చండి," అన్నాను.

"ఆ నెంబరు మీ ఆయనదమ్మా. సభ్యుడు లేనప్పుడు తీసేయడం రూలు."

"అయితే నా నెంబరు రాసుకోండి. చెరువులు నావి."

"అంతగా కావాలంటే మీ బావగార్ని చేరుస్తాను. ఆయన మీకు చెబుతారు."

"ఆయనకు రొయ్యల చెరువు లేదు. లేనాయన్ని చేరుస్తారు, ఉన్నదాన్ని తీసేస్తారా?"

బస్తాల మీదివాళ్ళలో ఒకాయన కిసుక్కున నవ్వాడు. దుకాణం ఆయన మొహం ఎర్రబడింది. "అమ్మా, అక్కడ మాట్లాడుకునే బూతులు మీరు వినలేరు. మీ మర్యాద కోసమే చెబుతున్నాను."

"బూతులు మాట్లాడేది మీరు. బయటికి పోవాల్సింది నేనా?"

నేను రోడ్డెక్కాను. మేత కోసం ఆ దుకాణం గడప మళ్ళీ తొక్కలేదు. భీమవరం నుంచి తెప్పించుకున్నాను.

ఆ సాయంత్రం, నన్ను కాపాడిన ఆ మీసాలాయనకు కృతజ్ఞత చెబుదామని ఫోను చేశాను. ఎత్తింది ఒక ఆడమనిషి.

"మీవారికివ్వండమ్మా, ఒక్క మాట చెప్పాలి," అన్నాను.

అటువైపు తలుపు మూసిన చప్పుడు వినిపించింది. తర్వాత, "ఆ మెసేజ్ పెట్టింది నేనేనండి," అంది.

ఆవిడ మాకు రెండు ఊళ్ళవతల ఉంటుంది. భర్తకు పక్షవాతం వచ్చి రెండేళ్ళయింది, మాట కూడా సరిగా రాదు. ఆయన కౌలుకు తీసుకున్న చెరువును ఆవిడే నడుపుతోంది. ఆయన ఫోనులోంచి, ఆయన పేరుతో, రెండేళ్ళుగా ఆ గ్రూపులో మాట్లాడుతున్నది ఆవిడే.

"ఎవరికీ తెలీదా అండీ?"

"తెలిస్తే ఉంచుతారేటండీ? ఇవాళ మిమ్మల్ని తీసేశారు కదా. నన్ను మాత్రం గురూగారూ అంటారండి. తెగులొస్తే ముందు నన్నే అడుగుతారు."

"మరి ఆ బూతులు?"

"రెండు నవ్వు బొమ్మలు పెట్టేత్తానండి. మగోడిలా ఉండాలి కదా!"

మా ఆయన పోయాక నేను నవ్వడం అదే మొదటిసారి. నవ్వుతూ ఉండగానే కళ్ళమ్మట నీళ్ళు కారాయి. ఆవిడకూ అలాగే అయిందని తర్వాత చెప్పింది. ఇంత తెలివి ఉన్న మనిషి, రెండు వందల మంది మగవాళ్ళకు చెరువులు నిలబెట్టిన మనిషి, మీసాల వెనక దాక్కుని బతుకుతోంది. దానికి నవ్వాలో ఏడవాలో ఇద్దరికీ తెలియలేదు.

మర్నాటి నుంచి ఆ గ్రూపులో రేట్లు ఆవిడ నాకు పంపేది. నాలుగు రోజులయ్యాక నేనన్నాను, "ఈ దొంగచాటు ఎందుకండీ? మన గ్రూపు మనం పెట్టుకుందాం." పెట్టాం. మొదట ఇద్దరమే. మూడో మనిషి మా వీధి చివర ఉండే అమ్మాయి. రొయ్యల తలలు తీసే కంపెనీకి రోజూ బస్సెక్కి పనికి వెళ్తుంది. "మా కంపెనీ గేటు కాడ పలక మీద రేట్లు రాత్తారండి. లోపలికి ఫోను పట్టుకెళ్ళనివ్వరు గానీ గేటు కాడ ఫోటో తీసి పెట్టనా?" అంది. పద్నాలుగేళ్ళు రొయ్యల ఇంట్లో కాపురం చేసి, రోజూ మా వాకిటి ముందునుంచే వెళ్ళే ఆ పిల్లకు రేట్లు తెలుసని నాకు తెలియదు. ఆ ఫోటోలు చూశాక తెలిసిన ఇంకో సంగతి, మగవాళ్ళ గ్రూపులో దుకాణం ఆయన పెట్టే రేటు కూడా అసలు రేటు కాదు. అందులోంచీ ఎంతో కొంత కోసుకునే పెడుతున్నాడు. అంటే మా ఆయనా ఇన్నాళ్ళూ తక్కువకే అమ్ముకున్నాడు. ఆయన బతికుంటే ఆ ఫోటో చూపించేదాన్ని కదా అనిపించింది.

రొయ్య కౌంటుకు వచ్చింది. నేను నెట్‌లో వెతికి నాలుగు కంపెనీల నెంబర్లు పట్టుకున్నాను. ముగ్గురు నా గొంతు వినగానే "మగవాళ్ళెవరైనా ఉంటే ఇవ్వండమ్మా" అన్నారు. నాలుగో ఆయన నరసాపురం వైపు కంపెనీ మనిషి. గొంతు సంగతి పట్టించుకోకుండా "కౌంటెంతండీ? చెక్ ట్రే ఫోటో పెట్టండి," అన్నాడు. పెట్టాను. రేటు కుదిరింది. రోజు ఖాయమైంది.

ఆ రోజు ఐసు వేసుకుని బండి వచ్చింది. వల లాగే ముఠా రాలేదు. మేస్త్రికి ఫోను చేస్తే నీళ్ళు నమిలాడు. "నాకేం లేదండి అమ్మగారూ... వెళ్ళొద్దని చెప్పారండి. రేపటి నుంచి మేం బతకాలి కదండీ." ఎవరు చెప్పారో అడగనక్కర్లేదు. చెరువులో నీళ్ళు అప్పటికే సగం తీసేశాం. ఎండ ఎక్కుతోంది. బండి మనిషి గడియారం చూసుకుంటున్నాడు. గట్టుకు అవతల బావగారు నిలబడి, "ఇప్పటికైనా ఆయన కాళ్ళు పట్టుకుందాం, ఫోను చెయ్యమంటావా?" అని అడిగారు.

"వద్దండి," అన్నాను.

రేట్లు పంపే ఆ పొరుగూరావిడకు ఫోను చేశాను. సంగతి విని, "రెండు గంటలు ఆపండి వాళ్ళని," అని పెట్టేసింది. ఆ రెండు గంటలు బండి డ్రైవరుకు, కంపెనీ మనిషికి ఇడ్లీలు తెప్పించాను, కొబ్బరి బొండాలు కొట్టించాను, చిన్నప్పటి కబుర్లన్నీ చెప్పాను. ఇంకేం చెప్పాలో తెలియని సమయానికి, కాలువ గట్టు మీద చిన్న ట్రక్కు ఒకటి దుమ్ము లేపుకుంటూ వచ్చింది. వెనక పద్దెనిమిది మంది వలవాళ్ళు. ముందు డ్రైవరు పక్కన, నైలాన్ చీర కట్టుకుని, బక్కపలచగా, నలభై అయిదేళ్ళ ఆడమనిషి. అప్పటిదాకా మేమిద్దరం ఒకరినొకరం చూసుకోలేదు. ఆవిడ దిగి, నన్ను చూసి చిన్నగా తలూపి, నేరుగా గట్టెక్కి, "వల ఆ మూల నుంచి పట్టండ్రా," అని కేకేసింది.

కౌంటు చూసేటప్పుడు కంపెనీ మనిషి అంచున ఉన్న చిన్న రొయ్యలు తీసి తూచాడు. యాభై ఎనిమిది వచ్చింది. నేను ఫోను తీసి, నాలుగు రోజులుగా నాలుగు మూలలా తూచి తీసిన ఫోటోలు ముందు పెట్టాను. యాభై రెండు, యాభై మూడు. ఆయన అవి చూసి, ఏమీ అనకుండా, వల మధ్యలోంచి తీసి మళ్ళీ తూచాడు. యాభై మూడు.

ఆ హడావిడిలో ఎప్పుడొచ్చారో, వంతెన దగ్గర అత్తయ్యగారు క్యారేజీ పట్టుకుని నిలబడి ఉన్నారు. ఆవిడను చూసి నేను దిగబోయాను. ఆవిడే చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని, అడుగులో అడుగు వేసుకుంటూ పైకి వచ్చేశారు. డెబ్భై ఏళ్ళ మనిషి, కొడుకు తవ్వించిన చెరువును దగ్గర్నుంచి చూడడం అదే మొదలు. ట్రేలలో దూకుతున్న రొయ్యను చూస్తూ చాలాసేపు నిలబడి, "ఇంత పెద్దవా?" అన్నారు. తర్వాత పొరుగూరావిడ వైపు తిరిగి, "అన్నం తిన్నావమ్మా?" అని అడిగారు.

డ్వాక్రా కోసం ఎప్పుడో తెరిచిన ఖాతా తప్ప నా పేరున వేరే ఏమీ లేదు. డబ్బు దానిలోనే పడింది. ఆ మెసేజ్ నా సొంత ఫోనుకు వచ్చింది. రేటు నేను ఆశపడినంత గొప్పగా ఏమీ లేదు. దూరం కదా అని రెండు రూపాయలు తగ్గించారు. అయినా దుకాణం ఆయన మా వసారాలో నిలబడి చెప్పిన ధరకూ దానికీ పోలికే లేదు.

పొరుగూరావిడ ఆ రాత్రంతా ఆలోచించిందట. పొద్దున్నే మగవాళ్ళ గ్రూపులో రాయకుండా, గొంతు రికార్డు చేసి పెట్టింది. నాకూ పంపింది. "నమస్కారమండి. నేను ఫలానా ఆయన భార్యనండి. రెండేళ్ళుగా మీరు గురూగారూ అంటున్నది నన్నేనండి. నిన్న యాభై మూడు కౌంటు ఎంతకు పోయిందో చెబుతున్నాను, రాసుకోండి. ఇక్కడ రోజూ పెడుతున్నది అసలు రేటు కాదండి. ఇప్పుడు నన్ను తీసేయండి."

తీసేశారు. పది నిమిషాలు కూడా పట్టలేదట.

ఆ సాయంత్రమే ఆవిడకు ఫోన్లు మొదలయ్యాయి. "గురూగారూ... అదే, అమ్మగారూ, మీ గ్రూపులో చేరొచ్చాండీ?" అని ఒక్కొక్కళ్ళే నసుగుతూ అడిగారు. మేం ముగ్గురం మాట్లాడుకున్నాం. తలలు తీసే అమ్మాయి వద్దంటే వద్దంది. చివరికి ఒక షరతు పెట్టాం. చేరే ప్రతి మగవాడూ తన చెరువు పని చూసే, లేదా చూడాలనుకునే, తన ఇంటి ఆడమనిషి నెంబరు కూడా ఇవ్వాలి. ఇద్దరినీ కలిపే చేరుస్తాం. కొందరు ఇచ్చారు. కొందరు "అదెక్కడి చోద్యమండీ" అని పెట్టేశారు. పెట్టేసినవాళ్ళలో ఇద్దరి భార్యలు తర్వాత వాళ్ళంతట వాళ్ళే ఫోను చేశారు.

రెండో పంట పోయింది. ఇది దాచి చెబితే నా కథ అబద్ధమవుతుంది. ముప్ఫై ఎనిమిదో రోజున వైట్ స్పాట్ తగిలింది. పెంకు మీద తెల్ల మచ్చలు, మూడు రోజుల్లో చెరువంతా ఖాళీ. గట్టు మీద గుట్టలు పోసిన చచ్చిన రొయ్య వాసనకు నాలుగు రోజులు అన్నం సహించలేదు. "ఆడది గట్టెక్కింది, ఇంకేమవుతుంది?" అని దుకాణం ఆయన బస్తాల మీది సభలో అన్నాడట. ఆ వారమే ఏ ఆడదీ ఎక్కని గట్లున్న ఆరు చెరువులు కూడా అదే తెగులుతో పోయాయి. వాటిని ఎవరెక్కారని ఎవరూ అడగలేదు.

నేను చేసింది ఒకటే. మచ్చ చూసిన గంటలోనే మా గ్రూపులో పెట్టాను. "మా చెరువులకు వైట్ స్పాట్ వచ్చింది. మందు కొట్టేదాకా నీళ్ళు కాలువలోకి వదలను. కింది చెరువుల వాళ్ళు నీళ్ళు తోడుకోకుండా ఆపండి." మా వైపు ఎవరూ ఆ మాట బయటికి చెప్పరు. పరువు తక్కువని దాచి, చీకట్లో నీళ్ళు కాలువలోకి వదిలేస్తారు. కింది చెరువులూ పోతాయి. ఆ రోజు దిగువన నాలుగు చెరువుల వాళ్ళు తూములు మూసుకున్నారు. అవి బతికాయి. వాటిలో ఒకటి దుకాణం ఆయన తమ్ముడిది. ఆ తమ్ముడు మా గ్రూపులో లేడు. అతని భార్య ఉంది.

బావగారు ఈ మధ్య గ్రూపు గురించి మాట్లాడేటప్పుడు గొంతు తగ్గించడం మానేశారు. అత్తయ్యగారికి చదువు రాదు, అందుకని రేట్లు నేను గొంతుతోనే పెడతాను. ఆవిడ పొద్దున్న కాఫీ తాగుతూ విని, "యాభై కౌంటు రేటు పడిపోయింది, ఇంకో వారం ఆగు," అని నాకు సలహా ఇస్తారు. ఒక్కోసారి ఆ సలహా తప్పవుతుంది. మా ఆయనదీ తప్పయ్యేది.

నా చేతిలో ఫోను పడగానే బతుకు మారిపోయిందని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఆ ఫోను ఏళ్ళ తరబడి మా ఇంట్లోనే ఉంది, ఫ్రిజ్ మీద, ఆయన జేబులో. దాన్ని ముట్టుకుంటే తప్పని నేనే అనుకున్నాను. గట్టు మీదికి వెళ్తే తప్పన్నట్టే. ఇప్పుడు ఎవరు ఆపినా రెండూ వదలను.

మూడో పంట ఇప్పుడు చెరువుల్లో ఉంది. మొన్న మధ్యాహ్నం మేత వేయిస్తుంటే కొత్త నెంబరు నుంచి మెసేజ్ వచ్చింది. మేత దుకాణం ఆయన భార్య. "మా పుట్టింటివాళ్ళు నాకిచ్చిన ఎకరం చెరువు ఒకటుందండి. ఎంతకు అమ్ముతారో నాకెప్పుడూ చెప్పలేదు. నన్ను మీ గ్రూపులో చేర్చండి. ఆయనకు తెలియకూడదు, మా అబ్బాయి పేరుతో చేరతాను."

తడి చేతులు తుడుచుకుని జవాబు రాశాను. "తప్పకుండా చేరుస్తానండి. మీ పేరుతో అయితేనే."

రెండు రోజులు మాట లేదు. భయపెట్టేశానేమో అనుకున్నాను, కాస్త మెత్తగా చెప్పాల్సిందేమో అని కూడా అనుకున్నాను. ఇవాళ పొద్దున్న మెసేజ్ వచ్చింది. ఇంటిపేరుతో సహా తన పూర్తి పేరు రాసింది. కింద తన చెరువు సర్వే నెంబరు. నేను చేర్చి తలెత్తేలోపే ఆవిడ గ్రూపులో యాభై కౌంటు ఈ రోజు ఎంతని అడిగేసింది, ముగ్గురు ఆడవాళ్ళు సమాధానం చెప్పడం మొదలుపెట్టేశారు.